ఆఖరి సీజన్‌లో మాయమైన బకెట్

మాంటీ పైతాన్ అనే బ్రిటిష్ టీవీ కామెడీ షో ఆఖరి సీజన్ ఎందుకు తేలిపోయిందని ఏ అభిమానిని అడిగినా ఒకటే జవాబు. ఆరుగురి బృందంలోంచి జాన్ క్లీజ్ వెళ్ళిపోయాడు. మూడు సీజన్లు చేసి, చేసిందే మళ్ళీ చేస్తున్నామని విసుగొచ్చి తప్పుకున్నాడు. మిగిలిన అయిదుగురూ 1974 అక్టోబర్ 31 నుంచి డిసెంబర్ 5 దాకా బీబీసీ-2లో ఆరంటే ఆరు ఎపిసోడ్లు నడిపి దుకాణం కట్టేశారు. అంతకుముందు సీజన్‌కి పదమూడు ఉండేవి. పేరులోంచి 'ఫ్లయింగ్ సర్కస్' కూడా పోయి ఉత్త 'మాంటీ పైతాన్' మిగిలింది.

నేనూ చాలా ఏళ్ళు ఇదే నమ్మాను. పిచ్చి పనులు చేసేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు గానీ, ఆ పిచ్చి చూసి నిజంగా ఒళ్ళు మండి, చచ్చిన చిలకను తెచ్చి కౌంటర్ మీద టపటపా కొట్టి, డబ్బులిచ్చి కొన్నానయ్యా, సమాధానం చెప్పు అని నిలదీసే క్లీజ్ లాంటి మనిషి ఒక్కడే ఉంటాడు. అలాంటివాడు లేకపోతే ఇది పిచ్చి అని ఎవడు చెప్పాలి? నాలుగో సీజన్‌లో ఒకడు పెద్ద షాపుకెళ్ళి చీమను కొంటాడు, అరగంటసేపు. కత్తిపోటుతో నెత్తురు కారుతున్నవాడిని డాక్టర్ ముందు ఫారం నింపమంటాడు (ఇది బృందంలోని గ్రాహమ్ చాప్‌మన్‌తో కలిసి రచయిత డగ్లస్ ఆడమ్స్ రాసింది, సీజన్ మొత్తానికీ నాకు బాగా నచ్చిందీ ఇదే). అన్నీ ఉన్నాయి. కోప్పడే పోస్టు ఒక్కటే ఖాళీ.

ఈమధ్య ఆ సీజన్ మీద నడిచిన కోర్టు కేసు తీర్పు చదివాను. ఆ పోస్టు ఖాళీగా లేదని తెలిసి సిగ్గుపడ్డాను. అమెరికాలోని ఏబీసీ టీవీ ఆ పోస్టులో చేరిపోయింది, అదీ ఎవరూ పిలవకుండానే.

జరిగిందేమిటంటే, ఈ ఆరు ఎపిసోడ్లనీ బీబీసీ టైమ్-లైఫ్ ఫిల్మ్స్ అనే పంపిణీ కంపెనీకి ఇచ్చింది, టైమ్-లైఫ్ ఏబీసీకి అమ్మింది. ఏబీసీ మూడేసి ఎపిసోడ్లు కలిపి తొంభై నిమిషాల ప్రోగ్రాములు రెండు అనుకుంది. మొదటిది 1975 అక్టోబర్‌లో వచ్చింది. తొంభైలో 24 నిమిషాలు లేవు. కొంత ప్రకటనల కోసం, కొంత అసభ్యం అని తీసేశారట.

ఆ తీసేయడంలో ఉన్న కళ గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే నేను మాట్లాడాల్సి వస్తోంది. ఒక స్కిట్‌లో దొరల కుటుంబం తీరిగ్గా కూర్చుని ఏ మాట కర్రలా మోగుతుంది, ఏ మాట రేకులా మోగుతుంది అని చర్చిస్తూ ఉంటుంది. న్యూస్‌పేపర్ రేకు మాట. అసలు రేకు అనే మాట వింటేనే కూతురికి ఏడుపొస్తుంది. (మా ఇంట్లో ఆడి చూశాం. గోంగూర మంచి కర్ర మాట. పింఛను పక్కా రేకు. ఇంట్లో ఇప్పటికీ రెండు వర్గాలు.) మాటల వరసలో తండ్రి మెల్లగా బూతుల్లోకి జారతాడు, తల్లి లేచి బకెట్‌తో నీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరిస్తుంది. చర్చ మళ్ళీ మొదలు. ఏబీసీవాళ్ళు బూతులు తీసేశారు, వాటితోపాటు బకెట్టూ పోయింది. తండ్రి ఒక క్షణం శుభ్రంగా పొడి బట్టల్లో ఉన్నాడు. మరుక్షణం నిలువునా తడిసి ఉన్నాడు. ఎందుకో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు, మాటలు సాగిపోతుంటాయి.

ఆరుగురు బ్రిటన్‌లో ఐదేళ్ళు కష్టపడి సాధించలేని వింత ఇది. టీవీలో పాటలు కోసేసిన సినిమాలు చూసి పెరిగిన మనలాంటివాళ్ళకి దీని విలువ ఇట్టే తెలుస్తుంది.

పైతాన్ బృందానికి తెలియలేదు. తమకంటే బాగా చేశారన్న అసూయ కావచ్చు, తమలో ఒకడైన టెర్రీ గిలియమ్ పేరు ముందు పెట్టి న్యూయార్క్‌లో కేసు వేశారు. రెండో ప్రోగ్రాం డిసెంబర్ 26న రావాలి, విచారణ సరిగ్గా వారం ముందు. జడ్జి లాస్కర్ అంతా విని, నిజమే, వీళ్ళ పని చెడిపోయింది అని ఒప్పుకుని, అయినా ప్రసారం ఆపను అన్నాడు. పోనీ, ఈ కోతలతో మాకు సంబంధం లేదని తెర మీద వేయించండి అని వీళ్ళు అడిగితే సరే అన్నాడు. పైకోర్టు దానికి స్టే ఇచ్చింది. చివరికి మిగిలింది, దీన్ని ఎడిట్ చేసింది ఏబీసీ అనే ఒక్క ముక్క. అంటే టైటిల్ కార్డు! అసలు కళాకారుడికి దక్కాల్సిన గౌరవం కోర్టే ఇప్పించింది.

1976 జూన్ 30న అప్పీలు కోర్టు పైతాన్ పక్షాన తీర్పు చెప్పింది. రచయితల హక్కుల గురించి అమెరికా లా కాలేజీల్లో ఇప్పటికీ చదివించే తీర్పు అది. కోత పడిన రూపం వీళ్ళ ప్రతిభకు కేరికేచర్‌లా ఉందన్నారు జడ్జీలు. జీవితమంతా ప్రపంచానికి కేరికేచర్లు గీసినవాళ్ళ గురించి! దానికంటే నాకు ఇష్టమైంది ఆ తీర్పులోని ఒక ఫుట్‌నోట్. అందులో కర్ర మాటలు, రేకు మాటలు, తండ్రి, తల్లి, బకెట్, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు, ఒక్క నవ్వు లేకుండా, భూమి తగాదాలో సరిహద్దు రాళ్ళు లెక్కపెట్టినట్టు. క్లీజ్ ఉండి చదివితే ఇదే గొంతుతో చదివేవాడు.

కాబట్టి ఆఖరి సీజన్‌లో ఎపిసోడ్లు ఆరు కాదు, ఏడు అని నా వాదన. ఏడోది విడుదల చేయడం ఇప్పటికీ కష్టమేమీ కాదు. ఏబీసీ కోసిపారేసిన ముక్కలన్నీ ఏరి, ముందూ వెనకా ఏమీ లేకుండా వరసగా అతికించాలి. మొదటి ప్రోగ్రాంలో పోయినవే 24 నిమిషాలు, ప్రకటనలు కలుపుకుంటే అమెరికా లెక్కలో అరగంటకి సరిపోతుంది. మొదటి సీను బకెట్‌దే ఉండాలి. ఒకావిడ వస్తుంది, ఎవరి మీదో నీళ్ళు పోస్తుంది, వెళ్ళిపోతుంది.