తాలింఖానా తాళంచెవి ఎవరి దగ్గర?

జీతం లేకుండా పిల్లలకు బరువులెత్తడం నేర్పిన మాస్టారు కన్నుమూస్తే బరంపురం, పర్లాకిమిడి వైపు మనం చేసేది దాదాపు ఒకటే. ఫోటోకి దండ, సంతాపసభ, ఏడాది తిరిగేసరికి ఆయన పేరున స్మారక పోటీ. షామియానా, మైకు, శాలువాలు, కప్పులు. ఊరు వదిలి భువనేశ్వర్‌లోనో విశాఖలోనో స్థిరపడ్డ మనం చందా పంపుతాం. ఆ అభిమానాన్ని తప్పుపట్టలేం. కానీ షామియానా విప్పిన మర్నాడు తెల్లవారి అయిదింటికి తాలింఖానా, అంటే మాస్టారు నడిపిన వ్యాయామశాల, తలుపు ఎవరు తీస్తారు? చందా డబ్బు ముందు అక్కడికి చేరాలి.

ఈ వెయిట్‌లిఫ్టింగ్ ఆటలో మన నేలకు మంచి పేరే ఉంది. ఆమదాలవలస దగ్గర పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల ఒంటి బరువు విభాగంలో స్నాచ్ (నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆమెకు తొలి పాఠాలు చెప్పింది నీలంశెట్టి అప్పన్న మాస్టారు. బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల్లో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో రజతం గెలిచాడు. పతకాలు అందరికీ గుర్తే. వాటికి చాలా ఏళ్ల ముందు ఊళ్లో జరిగే పనే ఎవరి కంటా పడదు.

పదకొండేళ్ల పిల్లవాడు వస్తే మాస్టారు మొదట చేతికిచ్చేది వెదురు కర్ర. బొటనవేలిని కర్రకు చుట్టి, దాని మీద మిగతా వేళ్లు వేసి అదిమిపట్టడం నేర్పాలి. మొదట్లో నొప్పెడుతుంది, పిల్లలు వదిలేస్తారు. ఆ వదిలేసిన పట్టే తర్వాత బరువు పెరిగినప్పుడు జారిపోతుంది. కర్ర మోకాళ్లు దాటకముందే మోచేతులు వంచడం, కర్రను ఒంటికి దూరంగా తిప్పడం ఇంకో రెండు తప్పులు. వీటిని మొదటి నెలల్లో పట్టుకోకపోతే ఆ తర్వాత మానిపించడం చాలా కష్టం.

కర్ర తర్వాత బార్, అంటే ప్లేట్లు తొడిగే కడ్డీ: మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ఇనప ప్లేట్లు తొడిగితే అది ఇంకా కిందికి దిగి, పిల్లవాడి నడుము గుండ్రంగా వంగిపోతుంది. ప్లేట్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు సరిచేస్తే ఖర్చేమీ లేదు. ఇది తెలిసిన మనిషి అక్కడ ఉండాలి, అంతే.

గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఉప్పుగాలికి బార్ ఊరికే తుప్పు పడుతుంది. చేత్తో పట్టుకునే చోట ఉండే గరుకు గీతల్లో, అరచేతులకు రాసుకునే సుద్దపొడి చేరి చెమటకు గట్టిపడుతుంది. రోజూ సాయంత్రం నైలాన్ బ్రష్‌తో రుద్ది పొడిగుడ్డతో తుడవాలి. చివర్లలో ప్లేట్లు తొడిగే గొట్టాల్లోకి అప్పుడప్పుడు రెండు మూడు చుక్కలు మిషన్ ఆయిల్ పడాలి. పట్టు మీద మాత్రం చుక్క పడకూడదు. గొట్టం తిరగకపోతే బార్‌ను భుజాల మీదికి తిప్పేటప్పుడు ఆ మెలికంతా మణికట్టు మీద పడుతుంది. మణికట్టు నొప్పితో మానేసిన పిల్లల్ని సోమరులనుకునే తల్లిదండ్రులు ఒకసారి ఆ గొట్టం తిప్పి చూడాలి.

పోటీలో మాస్టారి లెక్క ఇంకో ఎత్తు. ఒక్కో పద్ధతిలో మూడే అవకాశాలు. స్నాచ్‌లో మూడూ తప్పితే రెండు పద్ధతులూ కలిపి లెక్కించే మొత్తమే లేదు. అందుకే మొదటి బరువు సాధనలో ఎన్నడూ తప్పనిదై ఉండాలి, ఊరివాళ్ల చప్పట్ల కోసం పెంచకూడదు. పిలిచాక నిమిషంలో ఎత్తు మొదలుపెట్టాలి, వెంటనే మళ్లీ తన వంతే అయితే రెండు నిమిషాలుంటాయి. మనవాడి వంతుకు ముందు వేదిక మీద ఇతరులవి తొమ్మిది ఎత్తులు మిగిలుంటే, మూడు ఎత్తులకొకటి చొప్పున లోపల దాదాపు మూడు వార్మప్‌లకు వ్యవధి ఉన్నట్టు. అవతలివాళ్లు తామడిగిన బరువును ఒక్కో ఎత్తుకు రెండుసార్లు మార్చుకోవచ్చు కాబట్టి ఈ లెక్క క్షణంలో తారుమారవుతుంది. వేడెక్కిన ఒళ్లు చల్లబడ్డాక వేదికెక్కిన పిల్లవాడు తేలిగ్గా ఎత్తే బరువు కూడా వదిలేస్తాడు. ఈ లెక్క పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. మాస్టారు ఒక్కరికే తెలిసి ఉంటే ఆయనతోనే పోతుంది.

కాబట్టి స్మారకమంటే ముందు రెండో మనిషి. మాజీ లిఫ్టర్లలో ఇద్దరిని ఎంచి, వాళ్ల శిక్షణ కోర్సు ఫీజు, పోటీలకు పిల్లలతో వెళ్లొచ్చే రైలు చార్జీలు చందాలు పోగుచేసే మన సంఘం భరించాలి. మాస్టారి నోటుపుస్తకాల్లో పిల్లల ఒంటి బరువులు, ఎత్తిన బరువులు, దెబ్బలు తగిలిన తేదీలు ఉంటాయి. వాటిని పాత కాగితాల వాడికి వేసేయకముందే ఇంటివాళ్లనడిగి ఫోటోలు తీయించాలి. పిల్లలకు తూకం ముందు పస్తులు పెట్టడం, దుకాణంలో ఎవరో చెప్పిన పొడులు కొనిపెట్టడం మాస్టారు ఉన్నంతకాలం ఆయన మాటకు భయపడి ఆగాయి. ఇక మీద సంఘం చెప్పాలి, రాసి గోడకు అంటించాలి.

కప్పుల ఖర్చు తగ్గిస్తే సాధన వేదిక కొత్తది వేయొచ్చు. ఎనిమిదడుగుల చదరానికి 8×4 ప్లైవుడ్ మూడు చాలు. రెండు కింద పక్కపక్కన, మూడోది వాటి అతుకుకు అడ్డంగా పైన మధ్యలో. దానికి రెండు పక్కలా రెండేసి అడుగుల వెడల్పున అదే మందం రబ్బరు. ఎత్తు తేడా వస్తే ప్లేటు అంచు మీద పడి బార్ వంగుతుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరవకపోతే చెమ్మా చెదలూ తినేస్తాయి. వానలు మొదలయ్యేలోగా, అంటే జూన్‌లోపే, ఈ పని అయిపోవాలి.