ట్యాంకు మీది డాక్టరు

మా పెద్దమ్మకు బీపీ 178/104 ఉందని మొన్న ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో బయటపడింది. కనిపెట్టింది నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, పైన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్న అమ్మాయి. అమ్లోడిపిన్ బిళ్లలు ఆమె వెనకాల బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవీ ఆమె దగ్గరే ఉంది. లేనిదల్లా మొదటి బిళ్ల మొదలుపెట్టే అధికారం. అది డాక్టరుగారి దగ్గర ఉంటుంది. డాక్టరుగారు ట్యాబ్‌లో ఉంటారు. ట్యాబ్‌లో ఆయన కనపడాలంటే సిగ్నలు ఉండాలి.

అందుకని ఆ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వేపచెట్టు కిందికి నడిచింది. అక్కడ ఒక గీత. మంచినీళ్ల ట్యాంకు దగ్గర రెండు గీతలు. ట్యాబ్ తల మీదికెత్తి, మునివేళ్ల మీద నిలబడింది. వెనకాలే మా పెద్దమ్మ, ఆ వెనక బడి ఎగ్గొట్టిన పిల్లలు నలుగురు.

"ఏంటమ్మాయ్ వెతుకుతున్నావ్?"

"డాక్టరుగారిని, మామ్మగారూ."

"ట్యాంకు మీదికెందుకెక్కాడే?"

సరిగ్గా అప్పుడే మా ఊరి ఆర్‌ఎంపీగారు బండి దిగారు. ఈయన అరుగు మీద ఎప్పుడు చూసినా ఇద్దరికి సెలైన్ ఎక్కుతూ ఉంటుంది, సీసాలు కిటికీ ఊచలకు వేలాడుతూ ఉంటాయి. పెద్దమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, "వేడి చేసింది" అని తేల్చి, జేబులోంచి కాగితం పొట్లం తీశారు. ఒకటి తెల్లది, రెండు గులాబీవి. ఈ మొత్తానికి పట్టింది ఒకటిన్నర నిమిషం. ఆయనకు ఏ సిగ్నలూ అక్కర్లేదు.

చట్టం లేదనుకునేరు, నిక్షేపంలా ఉంది. షెడ్యూల్ హెచ్ మందు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలని అట్ట మీదే అచ్చేస్తారు. ఆ మూడు మాటలకు పొట్టిపేరేమిటి? ఆర్‌ఎంపీ! మన ఊళ్లు చట్టాన్ని అక్షరాలా పాటిస్తున్నాయంటే ఎవరూ నమ్మరు.

2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో, కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లు, అంటే డాక్టర్లు కాని వైద్య సిబ్బంది, ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు సొంతంగా రాయొచ్చన్నారు. అంతే, కొంప మునిగింది. నకిలీ వైద్యాన్ని చట్టబద్ధం చేస్తున్నారంటూ జులై 31న డాక్టర్ల సంఘం ఐఎంఏ 24 గంటల సమ్మెకు పిలుపిచ్చింది. మా ఆర్‌ఎంపీగారి అరుగు మాత్రం ఆ రోజూ యథావిధిగా తెరిచే ఉంది.

ఇదే అమ్మాయి బ్రిటన్ వెళ్లి, అక్కడి అదనపు కోర్సు పూర్తి చేస్తే తానే మందు రాయొచ్చు. 2006 నుంచీ అక్కడ నర్సులు దాదాపు అన్ని మందులూ రాస్తున్నారు. అమెరికాలోని అరిజోనాలో నర్స్ ప్రాక్టీషనర్ (పైచదువు చదివిన నర్సు) అయితే ఏ డాక్టరు సంతకం కోసమూ ఆగక్కర్లేదు. పక్కనున్న న్యూమెక్సికో దాటి టెక్సాస్ పోతే మాత్రం డాక్టరుతో ఒప్పందపత్రం ఉండాలి. సరిహద్దు దాటితే తెలివి తగ్గే జబ్బు వాళ్లకూ ఉందన్నమాట. కాస్త ఊరట.

పట్నం ఆస్పత్రుల్లో రాత్రి వార్డు సంగతి వేరు. రెండింటికి పేషెంటు బీపీ పడిపోతుంది. సిస్టర్ డాక్టరుగారికి ఫోన్ చేస్తుంది. నిద్రమత్తులో "ఆఁ... అదే ఇచ్చెయ్" అని వినపడుతుంది. ఏది? ఆవిడే తేల్చుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి ఆయన వచ్చి ఆమె రాసినదాని కింద సంతకం గీకుతాడు. మనిషి లేచి కూర్చుంటే డాక్టరుగారి హస్తవాసి. అటూ ఇటూ అయితే మెమో, సస్పెన్షన్ సిస్టర్‌కి! రాత్రి ఉండాల్సిన తెలివి తెల్లారేసరికి నేరమైపోతుందా? ప్రాణం నిలబెట్టడానికి చాలిన చదువు, కాగితం మీద సొంతపేరు రాసుకోవడానికి చాలదా? నర్సులు తోచిన మందల్లా రాసేయాలని ఎవడూ అనట్లేదు. పరీక్ష పెట్టండి, హద్దు గీయండి, ఏయే బిళ్లలో జాబితా ఇవ్వండి. అదీ ఇవ్వం అంటారా, అయితే రాత్రి రెండింటికి మీరే వచ్చి నిలబడండి!

పెద్దమ్మకు మర్నాడు సాయంత్రం ట్యాబ్‌లో డాక్టరుగారు దొరికారు. "మీరేమనుకుంటున్నారు సిస్టర్?" అని అడిగారు. "అమ్లోడిపిన్ ఐదు ఎంజీ సార్" అంది. "అదే ఇవ్వండి" అన్నారు.

పెద్దమ్మ ఇప్పుడు రోజూ బిళ్ల వేసుకుని, ట్యాంకు వైపు తిరిగి దణ్ణం పెడుతోంది.