ఫ్లైవీల్ శక్తిని దాచగలదు, పుట్టించలేదు: ‘ఉచిత విద్యుత్తు’ ప్రచారానికి ఖండన

మోటారుతో ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని తిప్పి, దానికి బెల్టుతో జనరేటర్‌ను కలిపితే మోటారు తీసుకునే దానికన్నా ఎక్కువ విద్యుత్తు వస్తుందనీ, అందులో కొంత మోటారుకే తిరిగి ఇచ్చి మిగతాది ఇంటికి వాడుకోవచ్చనీ చెప్పే వీడియోలు విస్తృతంగా చలామణిలో ఉన్నాయి. ఇవి నమ్మి సామగ్రి కొన్నవారికి మిగిలేది నష్టమే కాబట్టి, ఆ వాదనలను ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

చక్రం బరువు శక్తిని పెంచుతుందన్నది వారి ప్రధాన వాదన. తిరిగే చక్రంలోని గతిజ శక్తి, దానిని నిశ్చల స్థితి నుంచి ఆ వేగానికి తేవడానికి జరిగిన నికర పనికి సరిగ్గా సమానం. 50 కిలోల బరువు, 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల నిండు చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకుంటే, అందులో ఉండేది సుమారు 27,800 జౌళ్లు. ఒక యూనిట్ విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్లు గనుక, చూడటానికి అంత భీకరంగా తిరిగే ఆ చక్రంలో ఉన్నది యూనిట్‌లో దాదాపు 130వ వంతు మాత్రమే. నష్టాలేవీ లేవనుకున్నా, 1000 వాట్ల హీటర్ దానిని 28 సెకన్లలో ఖాళీ చేస్తుంది. బరువు పెంచితే నిల్వ పెరిగే మాట నిజమే, కానీ ఆ నిల్వను నింపడానికి మోటారు చేయవలసిన పని కూడా అంతే పెరుగుతుంది.

‘మరి పవర్ ప్రెస్సుల్లో చిన్న మోటారు మందపాటి రేకును ఎలా కోయగలుగుతోంది?’ అన్న ప్రశ్న ఈ ప్రచారానికి పెద్ద ఊతం. ఇది న్యాయమైన ప్రశ్నే. ఒక కిలోవాట్ మోటారు 5 సెకన్ల పాటు చక్రానికి అందించిన 5,000 జౌళ్లను ప్రెస్సు సెకనులో పదో వంతు కాలంలో వాడేస్తే, ఆ క్షణంలో సామర్థ్యం 50 కిలోవాట్లకు చేరుతుంది. పెరిగింది పని జరిగే రేటు మాత్రమే, మొత్తం శక్తి అవే 5,000 జౌళ్లు. దెబ్బ పడగానే మన చక్రం వేగం 1500 నుంచి సుమారు 1360 చుట్లకు పడిపోతుంది, ఆ లోటును మోటారు మళ్లీ పూడ్చాలి. ఇంగ్లండ్‌లోని కల్హమ్‌లో ‘జెట్’ (JET) అనే కేంద్రక సంలీన ప్రయోగానికి వాడిన ఫ్లైవీల్ జనరేటర్ల భ్రమణ భాగాలు ఒక్కొక్కటీ 775 టన్నుల బరువున్నవి. వాటిని కూడా గ్రిడ్ విద్యుత్తుతో నెమ్మదిగా తిప్పి వేగానికి తెచ్చాకే, ఆ నిల్వను కొద్ది సెకన్లలో వాడుకునేవారు.

పుల్లీల సైజు మార్చి వేగం పెంచితే శక్తి పెరుగుతుందన్న వాదనకు జవాబు చిన్నది. సామర్థ్యం అంటే టార్క్ (తిప్పే బలం), కోణీయ వేగాల లబ్ధం. వేగం మూడింతలైతే టార్క్ మూడో వంతుకు తగ్గుతుంది, బెల్టు జారుడు వల్ల పోయేది అదనం.

జనరేటర్ నుంచే మోటారును నడపవచ్చన్న మాట కూడా నిలవదు. లోడు పెట్టగానే జనరేటర్‌లోని విద్యుత్ ప్రవాహం తన పుట్టుకకు కారణమైన చలనాన్నే ఎదిరిస్తుందని భౌతిక శాస్త్రవేత్త లెంజ్ 1834లోనే సూత్రీకరించాడు. ఆ ఎదురు టార్క్‌కు విరుద్ధంగా చేసే పనే విద్యుత్తుగా మారుతుంది. మోటారు దక్షత 85 శాతం, బెల్టుది 95, జనరేటర్‌ది 85 అనుకుంటే, 1000 వాట్లు పెట్టినచోట చివరకు సుమారు 690 వాట్లు వస్తాయి. అవన్నీ మోటారుకే ఇచ్చినా రెండో చుట్టుకు 480 కూడా మిగలవు.

ఇక బల్బులు వెలగడం కళ్లారా చూశామనేవారు గమనించవలసింది సమయాన్ని. ప్లగ్గు తీశాక పది వాట్ల ఎల్ఈడీ బల్బు కాసేపు వెలగడం నిల్వ ఉన్న శక్తితోనే సాధ్యం. బయటి తీగలూ దాచిన బ్యాటరీలూ లేకుండా 1000 వాట్ల లోడును అరగంట నడిపి చూపమని అడగాలి. దానికి 18 లక్షల జౌళ్లు, అంటే పైన లెక్కించిన చక్రంలోని మొత్తం నిల్వకు దాదాపు 65 రెట్లు కావాలి.