నాలుగు పావలాలు, రెండు గ్రీకు అక్షరాలు

వాషింగ్టన్‌లో మాసచూసెట్స్ అవెన్యూ అని ఒక వీధి ఉంది. మన ఊళ్లలో బంగారం కొట్లన్నీ ఒకే బజారులో ఉన్నట్టు, అక్కడ ఆలోచనల కొట్లు, అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసి సలహాలిచ్చే థింక్ ట్యాంకులు, ఒకే వరసలో ఉంటాయి. 1750 నంబరులో పీటర్సన్ ఇన్‌స్టిట్యూట్, 1775లో బ్రూకింగ్స్, 1779లో కార్నెగీ, ఇంకో నాలుగడుగులు వేస్తే 1789లో అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్. బంగారం కొట్లో తరుగు, మజూరీ అంటారు. ఇక్కడ అవేమీ లేవు, సరుకు ఉచితం. డబ్బులిచ్చేవాళ్లు వేరే ఉంటారు. 2013లో ఖతార్ ప్రభుత్వం నాలుగేళ్లకు గాను బ్రూకింగ్స్‌కు కోటీ 48 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుందని మరుసటి ఏడు న్యూయార్క్ టైమ్స్ రాసింది. తమ పరిశోధన స్వతంత్రమేనని సంస్థ చెప్పుకుంది. నమ్మాలి మరి. కట్నం తీసుకున్న అల్లుడు కూడా అమ్మాయి గుణం చూసే చేసుకున్నానంటాడు.

ఈ కొట్లలో ప్రపంచ ఆర్థిక వ్యవహారాలకని ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుస్తూ ఉంటుంది. నేను దానికి వీరాభిమానిని. ఎందుకంటే అంత భద్రమైన వృత్తి లోకంలో ఇంకోటి లేదు. మేస్త్రీ తప్పు చేస్తే గోడ బీట వేస్తుంది. డాక్టర్ తప్పు చేస్తే చుట్టాలొచ్చి అద్దాలు పగలగొడతారు. ఆర్థికవేత్త తప్పు చేస్తే, ఆ తప్పు ఎందుకు జరిగిందో చర్చించడానికి ఇంకో సెమినార్ పెడతారు. దానికీ ఆయనే వక్త.

దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే ఎదుగుదల ఆగిపోతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆచార్యులు ఒక పేపర్ రాశారు. అది చేత్తో పట్టుకుని అటు అమెరికాలో, ఇటు యూరప్‌లో నాయకులు పొదుపు మంత్రం జపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ ఎక్సెల్ ఫైలు తెరిచి చూస్తే, సగటు తీసేటప్పుడు అయిదు వరసలు ఎంచుకోవడం మర్చిపోయారని తేలింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. దాంతోపాటు ఇంకొన్ని లోపాలు కూడా సరిదిద్దితే, అప్పు ఎక్కువున్న దేశాల ఎదుగుదల మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. ఎక్సెల్ తప్పును ఆచార్యులు హుందాగా ఒప్పుకుని, సారాంశం మాత్రం మారదన్నారు. మా కిరాణా కొట్టు గుమాస్తా అయిదు వరసలు వదిలేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

సరే, అదలా ఉంచండి. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక పెద్ద అట్ట పట్టుకొచ్చి దేశాలవారీగా సుంకాలు చదివారు. మనకు 26 శాతం. మనుషులే లేని హెర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులక్కూడా 10 శాతం. అక్కడుండేవి పెంగ్విన్లు, సీల్ జంతువులు. అవి అమెరికాకు ఏం ఎగుమతి చేస్తున్నాయో ఇప్పటికీ తెలియలేదు. ఈ అంకెలు ఎలా వచ్చాయని అడిగితే వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఒక సూత్రం బయటపెట్టింది. అందులో ఎప్సిలాన్, ఫై అని రెండు గ్రీకు అక్షరాలు.

అదే వారంలో ఒక రాత్రి మా అన్నయ్య ఫోన్ చేశాడు. భీమవరం దగ్గర వెనామీ రొయ్యల చెరువులు ఆయనవి. వెనక చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు.

"ఒరే, అమెరికా వెళ్లే సరుకని రొయ్య రేటు దించేశారు. ఈ ఎప్సిలాన్ ఎవర్రా? కొత్త బయ్యరా?"

"కాదన్నయ్యా, లెక్కలో గుర్తు. దాని విలువ నాలుగు. రెండోదాని విలువ 0.25. రెండూ గుణించాలి."

కాసేపు ఏరేటర్లే మాట్లాడాయి.

"నాలుగు పావలాలు రూపాయి. దానికి గ్రీకెందుకురా?"

నేను పదిహేను వ్యాసాలు చదివి తెలుసుకున్నది ఆయన గట్టు మీద నిలబడి తేల్చేశాడు. ఒకటితో గుణించినా, భాగించినా ఏమీ మారదు. అమెరికా మనకు అమ్మిన సరుకు కన్నా మన దగ్గర కొన్నది ఎంత ఎక్కువో చూసి, దాన్ని మన దగ్గర కొన్న మొత్తంతో భాగించి, సగం చేశారు. అంతే.

ఇక్కడ ఆ మాసచూసెట్స్ వీధివాళ్లకు న్యాయం చేయాలి. అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు వెంటనే తప్పు పట్టుకున్నారు. ఫైకి వేసిన ఆ పావలా విలువ తప్పు, సుంకంలో దిగుమతి ధర మీద పడే భాగం రూపాయికి దాదాపు 95 పైసలు, ఆ ప్రకారం వేస్తే ఏ దేశానికీ సుంకం 14 శాతం దాటదు అన్నారు. సుంకాలు కొనేవాడి జేబే కొడతాయని పీటర్సన్ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఫలితం? ఆగస్టు 27 నాటికి మన సుంకం 50 శాతం, అందులో సగం రష్యా చమురు కొన్నందుకు. అయిదు వరసలు వదిలేసిన పేపర్‌ను ప్రభుత్వాలు కళ్లకద్దుకున్నాయి. లెక్క సరిగ్గా ఉన్న పేపర్‌కు చప్పట్లు కొట్టి కాఫీకి వెళ్లారు. దీని మీద నాకు కోపం లేదు, పరిశోధనకు పనికొచ్చే అంశమని మాత్రం అంటాను.

ఇబ్బందల్లా ఒకటే. సెమినార్ వాయిదా పడుతుంది, రొయ్య వాయిదా పడదు. మేత వెయ్యాలి, ఏరేటర్ తిరగాలి. కరెంటు పోతే డీజిల్ ఇంజిన్ వెయ్యాలి. రేటొచ్చేదాకా ఆగుదామని రొయ్యలు పట్టడం వాయిదా వేస్తే, ఈలోపు వైట్ స్పాట్ రోగం వచ్చిందంటే చెరువంతా ఖాళీ. కిలోకి వంద తూగే రొయ్య ముప్ఫై కౌంటుకు, అంటే కిలోకి ముప్ఫై తూగే సైజుకు, రావాలంటే అప్పు పెరుగుతుంది, ఆ అప్పుకు గ్రీకు అక్షరం లేదు.

ఆగస్టు చివర మళ్లీ ఫోన్. సుంకాల మీద వాషింగ్టన్‌లో ఎక్కడెక్కడ చర్చలు జరుగుతున్నాయో చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆ మీటింగుల్లో భోజనం పెడతారా?"

"శాండ్‌విచ్‌లు అవీ పెడతారనుకుంటా."

"రొయ్యలు పెడితే ఏ కౌంటో కనుక్కుని చెప్పు."