అవగాహన కావాల్సింది షిఫ్ట్ ఇన్‌ఛార్జికి

ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, అంటే అక్టోబరు 10 దగ్గర పడుతుందంటే విశాఖ కంపెనీల్లో ఒక హడావుడి మొదలవుతుంది. రుషికొండ ఐటీ హిల్స్ అయినా, పరవాడ ఫార్మాసిటీ అయినా తంతు ఇంచుమించు ఒకటే. సైకాలజిస్టును పిలిపించి గంటసేపు మాట్లాడిస్తారు, ఆకుపచ్చ రిబ్బన్లు పెట్టుకుంటారు, గ్రూప్ ఫొటో దిగుతారు, మర్నాడు దాన్ని లింక్డిన్‌లో పెడతారు. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచం ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోగొట్టుకుంటోందన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇలాంటి చోట్ల తరచూ వినిపిస్తుంది. లెక్క సరైనదే. అది ఎవరికి చెబుతున్నారన్నదే నా అభ్యంతరం.

ఎదురుగా కూర్చున్న ఉద్యోగికి డిప్రెషన్ అంటే తెలియదన్న ఊహ మీద ఈ సదస్సులు నడుస్తున్నాయి. రెండు వారాలకు పైగా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడడం... ఈ లక్షణాలన్నీ ఫోన్‌లో ఎప్పుడో చదివేసినవే. ఆ సంగతి పైకి చెబితే ఉద్యోగం ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. అందుకే చెప్పడు. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. అదంతా అజ్ఞానమేనంటే నేను నమ్మను.

సెలవు కాగితం నడిచే దారి చూడండి. మెడికల్ సర్టిఫికెట్ ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జికి, అక్కణ్ణుంచి హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసుకి, ఆపైన హెచ్‌ఆర్‌కి వెళ్తుంది. దాని మీద సైకియాట్రిస్టు ముద్ర ఉంటే సాయంత్రానికల్లా క్యాంటీన్‌కి తెలిసిపోతుంది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల చీటీ అయితే ఇక చెప్పనక్కర్లేదు, ఆ ఆసుపత్రి పేరు మీద జోకులేసే అలవాటు ఈ ఊళ్లో ఇంకా పోలేదు. అందుకే తెలిసిన డాక్టరు దగ్గర వైరల్ ఫీవర్ అని రాయించుకుని మూడు రోజులు పడుకుని వచ్చేస్తారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యుల మీద పెట్టింది. డాక్టరు గది దాటి టైమ్ ఆఫీసు బల్ల మీదకొచ్చిన కాగితం సంగతి మాత్రం కంపెనీయే చూసుకోవాలి. సీల్డ్ కవరు నేరుగా కంపెనీ డాక్టరుకి చేరేలా ఒక్క సర్క్యులర్ ఇస్తే అయ్యే పని. పది ఉపన్యాసాల కన్నా ఇదే నయం.

మూడు రోజుల సెలవుతో తేలే జబ్బు కూడా కాదిది. మందులు పని చేయడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది, తేరుకున్నాక కూడా నెలల తరబడి వాడాలి. కొన్నిటితో మొదట్లో మత్తుగా ఉంటుంది. క్రేన్ నడిపేవాడికి, రియాక్టర్ దగ్గర నిలబడేవాడికి అది ప్రాణం మీది సంగతి. ఆ కొన్నాళ్లు అతన్ని సి షిఫ్ట్ (రాత్రి షిఫ్ట్) నుంచి తప్పించి వేరే పనిలో పెట్టాలంటే రోస్టర్ వేసే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి విషయం అర్థం కావాలి. మనిషిలో తేడాను అందరికన్నా ముందు చూసేది కూడా అతనే: వేళకి రాకపోవడం, పనిలో తప్పులు, టీ బ్రేక్‌లో నోరు విప్పకపోవడం. "తాగి వస్తున్నావా?" అని నలుగురిలో అడిగేదీ అతనే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని విడిగా చెప్పింది. ఫొటోల్లో మాత్రం మేనేజర్లు బొకేలు అందిస్తూ కనిపిస్తారు.

సదస్సులు దండగని కాదు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416 నంబరు మీద ఏ వేళైనా తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చని తెలిసి ఒక్కరు ఫోన్ చేసినా మేలే. ఆ నంబరు ప్రసంగంలో చెప్పి వదిలేయకుండా పే స్లిప్ మీద వేస్తే ఇంకా మంచిది. గ్రూప్ ఇన్సూరెన్స్ పత్రాలను కూడా ఒకసారి తెరిచి చూడాలి. శారీరక జబ్బులకు ఎలా బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని ఆ 2017 చట్టమే బీమా సంస్థలను ఆదేశించింది.

ఇదంతా పర్మినెంటు ఉద్యోగుల గొడవ. గాజువాక, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో పెద్ద సంఖ్యలో పని చేసే కాంట్రాక్టు కార్మికులకు ఆ హాల్లో కుర్చీయే ఉండదు. ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, నాలుగు రోజులు మానేస్తే గేట్ పాస్ వేరొకరికి వెళ్తుంది. పైగా రోజువారీ గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి పెంచడానికి 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ అదనపు గంటను అక్కరకొచ్చే అవకాశంగా చూసే యాజమాన్యం, నిద్ర చాలని మనిషి గురించి సైకాలజిస్టు చెప్పేది ఏ చెవితో వింటుంది?