బీపీ మాత్ర ఎందుకు ఆగిపోతోంది?

"బీపీ తగ్గింది కదా అని ఆపేశాను." గుండెపోటుతోనో పక్షవాతంతోనో వచ్చినవారి దగ్గర డాక్టర్లు తరచూ వినే మాట ఇది. పేషెంట్ నిర్లక్ష్యం అని మనం తేల్చేస్తాం. నాకైతే తప్పు ఎక్కువగా మందులిచ్చే పద్ధతిలోనే కనిపిస్తోంది.

బీపీకి నొప్పి ఉండదు, కొలెస్ట్రాల్‌కు అసలే ఉండదు. మాత్ర వేసుకున్నా, మానేసినా ఒంట్లో తేడా తెలియదు. పైగా ఆమ్లోడిపిన్ అనే బీపీ మందుతో కొందరికి పాదాలు వాస్తాయి. అది మందు వల్లేనని, చెబితే మారుస్తారని ముందే తెలియకపోతే, కిడ్నీలు పాడయ్యాయేమోనని భయపడి మానేస్తారు. ఇంకొందరు 'అసలు బీపీ ఎంతుందో చూద్దాం' అని చెకప్ రోజున మాత్ర వేసుకోకుండా వెళ్తారు. రీడింగ్ ఎక్కువొస్తుంది, డాక్టర్ ఇంకో మాత్ర రాస్తారు. 'పొద్దున మాత్ర వేసుకున్నారా?' అని అడిగితే తెలిసిపోయేదే. కిక్కిరిసిన ఓపీలో ఆ తీరిక ఉండదు.

ఇది మనవాళ్లకే ఉన్న జబ్బేమీ కాదు. ధనిక దేశాల్లోనూ దీర్ఘకాలిక వ్యాధులకు మందులు సరిగా వాడేవారు సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

మాత్రల సంఖ్య తగ్గిస్తే ఏమవుతుందో 2013లో వెలువడిన అంపైర్ అధ్యయనం చూపింది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రెండు బీపీ మందులు కలిపిన ఒకే మాత్రను భారత్, యూరప్‌లలో పరీక్షించారు. దాన్ని ఇచ్చినవారిలో 86 శాతం మంది మందులు కొనసాగించారు. మామూలు చికిత్సలో 65 శాతమే. ఆ మాత్ర తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. సగటు బీపీలో తేడా స్వల్పమే, నిజమే. కానీ అంతకుముందు మందులు సరిగా వాడనివారికే ఎక్కువ మేలు జరిగింది. మనం పట్టించుకోవాల్సింది వాళ్లనే కదా!

2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం మరో దారి పట్టింది. తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అందరికీ ఒకే చికిత్సా క్రమం, నెలకు సరిపడా మందులు, గడువుకు రానివారి జాబితా చూసి ఫోన్ చేయడం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ జాబితానే. వచ్చినవారిని లెక్కించడం అన్ని ఆస్పత్రులూ చేస్తాయి, రానివారిని లెక్కించేది తక్కువ.

మందుల నిల్వ తగ్గగానే ఈ ఏర్పాటంతా చెడుతుంది. పదిహేను రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటే, కూలికి వెళ్లేవారికి నెలలో రెండు రోజుల కూలి, రెండుసార్లు దారిఖర్చు పోతాయి. బీపీ అదుపులో ఉన్నవారికి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడానికి అడ్డేమిటో ఆరోగ్య శాఖలు చెప్పాలి.