టీఏ, డీఏ చెల్లించబడవు

ఎమ్మెస్సీ చదివిన అమ్మాయో అబ్బాయో బెంగళూరులో ఉంటున్నారంటే ఊళ్లో అడిగే మొదటి మాట 'ఏ కంపెనీ, సాఫ్ట్‌వేరేనా?' అని. కాదు, ల్యాబ్‌లో ఉద్యోగం చూసుకుంటున్నానంటే రెండో మాట వస్తుంది: 'పర్మినెంటేనా?' దీనికి జవాబు చెప్పలేక పండక్కి ఊరెళ్లడమే మానుకున్నవాళ్లు మారతహళ్లి, బీటీఎం పీజీ హాస్టళ్లలో తక్కువేం లేరు. బీటెక్ రూమ్మేట్ ల్యాప్‌టాప్ మూసి పడుకునే వేళకు వీళ్లు ఫోన్లో ఏదో ఒక సంస్థ వెబ్‌సైటు తెరిచి నోటీసులు వెతుకుతుంటారు.

బెంగళూరుకు సైన్సు నగరమన్న పేరు ఊరికే రాలేదు. ఇక్కడివాళ్లు నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) 1909 నాటిది. సి.వి.రామన్ తన పేరిటి పరిశోధన సంస్థను 1948లో ఇక్కడే పెట్టుకున్నారు. కోరమంగళలో ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ, జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రం, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, ఇవికాక విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, ఇస్రో ప్రధాన కార్యాలయం. ఇన్ని ఒక్క ఊళ్లో ఉంటే ఎమ్మెస్సీ పట్టా ఉన్నవారికి ఎక్కడో ఒకచోట చోటు దొరక్కపోతుందా అనుకుంటాం. అక్కడే పొరపడుతున్నాం.

ఈ సంస్థల్లో శాశ్వత శాస్త్రవేత్త పోస్టుకు పీహెచ్‌డీ, చాలాచోట్ల ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన అనుభవం కూడా ఉండాలి. ఆ ఖాళీలూ ఎప్పుడో గానీ రావు. ఇస్రో అనగానే మనవాళ్లకు సైన్సే గుర్తుకొస్తుంది గానీ, అక్కడ ఎక్కువగా తీసుకునేది ఇంజినీర్లను. ఎమ్మెస్సీ వారికి మిగిలేది ప్రాజెక్టు ఉద్యోగం. ఒక ప్రొఫెసర్‌కు రెండు మూడేళ్ల గ్రాంటు వస్తుంది, అందులో ఒకరో ఇద్దరో సహాయకులను పెట్టుకుంటారు. గ్రాంటుతోపాటే ఉద్యోగమూ అయిపోతుంది. నెట్ లేదా గేట్ పరీక్ష రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, పైన ఇంటి అద్దె భత్యం. ఆ అర్హత లేకపోతే అంతకంటే తక్కువే. ఆ డబ్బు కూడా నెలనెలా పడుతుందన్న నమ్మకం లేదు. ఫెలోషిప్ ఆలస్యమైతే అద్దెకు ఇంటికి ఫోన్ చేయడం పరిశోధక విద్యార్థులకు పాత అలవాటే.

ఉద్యోగాలు తక్కువన్న సంగతి ఒక ఎత్తు. ఉన్న ఆ కొద్దిపాటి వాటిని వెతుక్కునే ఖర్చంతా అభ్యర్థి నెత్తిన పడటం ఇంకో ఎత్తు. మొదటిది మారడానికి ఏళ్లు పడుతుంది. దేశం పరిశోధనకు పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం జీడీపీలో 0.64 శాతమే, అది ఒక్క బడ్జెట్‌తో పెరిగేది కాదు. రెండోది మారడానికి ఒక సర్క్యులర్ చాలు. మా అభ్యంతరం ప్రధానంగా ఈ రెండోదాని గురించే.

వాక్-ఇన్ ఇంటర్వ్యూ సంగతే తీసుకోండి. నోటీసు ఆ సంస్థ వెబ్‌సైటులో ఎక్కడో లోపలి పేజీలో పెడతారు. గడువు రెండు వారాలుంటే ఎక్కువ. అనంతపురం అమ్మాయి దాన్ని చూసి అర్ధరాత్రి బస్సెక్కుతుంది. హైవే బళ్లారి రోడ్డు మీదుగానే ఊళ్లోకి వస్తుంది కాబట్టి నగరం నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ బస్టాండు దాకా పోనక్కర్లేదు, జీకేవీకే దగ్గరే దిగొచ్చు. కానీ నాలుగున్నరకు అక్కడ దిగి ఏం చేయాలి? గేటు తెరవరు, కూర్చోవడానికి చోటుండదు. అందుకే మెజెస్టిక్ దాకా పోయి, డబ్బులిచ్చి బాత్రూమ్‌లో మొహం కడుక్కుని, చీకట్లో దాటొచ్చిన దారినే సిటీ బస్సులో వెనక్కి వస్తుంది. తొమ్మిదింటికి రిజిస్ట్రేషన్. సర్టిఫికెట్ల ఫైలు, రెండు సెట్ల జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అప్పటికే గేటు దగ్గర నలభై మంది. పోస్టు ఒక్కటి. మధ్యాహ్నం రెండు దాటాక పిలిస్తే పది నిమిషాల ఇంటర్వ్యూ. ఫలితం ఎప్పుడని అడిగితే మెయిల్ చేస్తామంటారు. ఆ మెయిల్ ఎంపికైన వారికే వస్తుంది. మిగతావాళ్లు ఎన్నాళ్లు ఎదురుచూడాలో ఎవరూ చెప్పరు.

ఆ నోటీసు అడుగున ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: 'ఇంటర్వ్యూకు హాజరయ్యేవారికి టీఏ, డీఏ చెల్లించబడవు.' రాకపోకల ఛార్జీ, దినభత్యం ఇవ్వరన్నమాట. పది నోటీసులు ముందేసుకుని చూస్తే జీతాలు, అర్హతలు వేరువేరుగా ఉంటాయి గానీ ఈ వాక్యం మాత్రం అక్షరం మారదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొన్నిసార్లు ఆ పోస్టులో అప్పటికే ఒకరు పనిచేస్తుంటారు. కాలపరిమితి ముగిసింది కాబట్టి నిబంధన ప్రకారం మళ్లీ నోటీసు వేస్తారంతే. ప్రొఫెసర్‌ను తప్పుపట్టలేం, పని తెలిసిన మనిషిని ఎవరు వదులుకుంటారు? కానీ ఆ సంగతి గేటు దగ్గర నిల్చున్న నలభై మందికి ఎవరు చెప్పాలి?

ప్రైవేటు వైపు చూద్దామంటే అక్కడ వేరే చిక్కు. బొమ్మసంద్ర, జిగణి వైపున్న ఫార్మా, బయోటెక్ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌కు రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఫ్రెషర్‌ను పిలిచినా, మందులో ఏ పదార్థం ఎంతుందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గరే దొరికిపోతారు. 'పంపులో గాలి బుడగ చేరితే ఏం చేస్తావు?' అన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబుండదు, నాలుగు రోజులు ఆ యంత్రంతో తిప్పలు పడినవారికి మాత్రం నోటి చివర ఉంటుంది. మన చాలా పీజీ కాలేజీల్లో ఆ యంత్రం అద్దాల గదిలో తాళం వేసి ఉంటుంది, ఎవరో ఎప్పుడో తీసిన గ్రాఫు చూసి రికార్డు రాస్తారు. నిజానికి ఫార్మా ఉద్యోగాలకు హైదరాబాదే పెద్ద దిక్కు, విశాఖ పక్కన పరవాడ ఉంది. అయినా బెంగళూరు మోజు తగ్గదు.

ఈ ఖాళీలోకే కన్సల్టెన్సీలు దూరాయి. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా), క్లినికల్ సాస్ (మందుల ప్రయోగాల గణాంకాలు చూసే సాఫ్ట్‌వేర్) అంటూ మూడు నెలల కోర్సు, ఆ తర్వాత 'బ్యాక్‌డోర్'లో ఉద్యోగమని మాట. తెలుగులోనే మాట్లాడతారు, మన ఊరివాళ్లమేనంటారు, అడ్వాన్సు కట్టించుకుంటారు. కొన్నాళ్లకు ఆ ఫోన్ స్విచాఫ్. పేరున్న పరిశోధన సంస్థ ఏదీ పోస్టు ఇస్తానని డబ్బు అడగదన్న చిన్న సంగతి కూడా డిగ్రీ కాలేజీలో చెప్పేవాళ్లు లేకపోవడం మన సిగ్గుచేటు.

మేము కోరేవి పెద్ద కోరికలేం కాదు. మొదటి వడపోత ఆన్‌లైన్‌లో చేయాలి. కొవిడ్ రోజుల్లో చాలా సంస్థలు చేశాయి, కొన్ని ఇప్పటికీ చేస్తున్నాయి, మిగతావారికి వచ్చిన అడ్డమేమిటి? ఆఖరి విడతకు పిలిచిన నలుగురైదుగురికి బస్సో రైలో ఛార్జీ ఇవ్వాలి. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు తుది ఇంటర్వ్యూకు వచ్చేవారికి ఇస్తూనే ఉన్నాయి, కోట్ల గ్రాంట్లలో ఇది ఏ మూలకు? ఎంపిక కానివారికి కూడా రెండు వారాల్లో ఒక్క ముక్క రాయాలి. ఒకే ఊళ్లో ఉన్న ఇన్ని సంస్థలు తమ ప్రాజెక్టు పోస్టులన్నీ ఒకే పేజీలో పెట్టుకోలేవా? పరిశోధనకు నిధులిచ్చేందుకు 2023లో చట్టం చేసి అనుసంధాన్ జాతీయ ఫౌండేషన్‌ను ఏర్పాటు చేశారు. గ్రాంటు ఇచ్చేటప్పుడే ఈ షరతులు పెడితే సంస్థలు కాదనలేవు.

మన విశ్వవిద్యాలయాలకూ ఇందులో వాటా ఉంది. దగ్గరున్నవాటిలో ఒకటి అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, బెంగళూరుకు సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ పిల్లలను రెండు నెలలపాటు ఇక్కడి ల్యాబుల్లో కూర్చోబెట్టేందుకు ఒప్పందాలు చేసుకుంటే పంపులో బుడగ సంగతి అక్కడే నేర్చుకుంటారు. ప్రొఫెసర్లకూ తెలిసిన ముఖాలవుతారు. అందుకు విశ్వవిద్యాలయం కొత్తగా భవనాలేం కట్టనక్కర్లేదు, ఒక బస్సు పెడితే చాలు. హైవే ఎలాగూ జీకేవీకే గేటు ముందు నుంచే పోతుంది.